పేరెత్తని ప్రార్థన

కడపలో నేనుండే ఇంటి వాకిలంతా నాపరాళ్ళు పరిచారు. ఏప్రిల్ వచ్చిందంటే పగలంతా ఆ బండలు పెనంలా కాలుతాయి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి, బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి వాటి మీద చల్లుతాను. చుయ్‌మని చప్పుడు, వెంటనే ఒక వాసన. అది తడి మట్టి వాసన కాదు. కాలిన రాయి, సున్నం కలిసినట్టు, వాన పడకముందే ఆరిపోయినట్టు ఉండే పొడి వాసన. అది ముక్కుకు తగలగానే నేను కడపలో ఉండను. కోడుమూరు దగ్గర మా ఊళ్ళో, రాహేలమ్మ పెద్దమ్మ ఇంటి అరుగు ముందర ఉంటాను. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని, చెంబుతో బండల మీద నీళ్ళు చిలకరిస్తూ, "పక్కకు జరుగప్పా దానేలూ, నీ కాళ్ళు గూడా కడిగేదానికి నేనేమన్నా యేసుప్రభువునా!" అంటూ ఉంటుంది.

పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. మా సంఘంలో నాకంటే ముప్పై ఐదేళ్ళు పెద్దదైన విధవరాలు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేది. మా ఊరి విశ్వాసుల ఇళ్ళలో ఆమె దగ్గర కంఠత వాక్యాలు ఒప్పజెప్పని వాళ్ళు లేరు. భర్త చిన్నతనంలోనే పోతే ఒక్కగానొక్క కొడుకును ఒంటరిగా పెంచింది. ఆ కొడుకు పదిహేడేళ్ళకే ఇల్లు విడిచిపోయాడనీ, బళ్ళారి వైపు ఎక్కడో ఉన్నాడనీ అందరికీ తెలుసు. ఎందుకు పోయాడో అప్పటికి చిన్నపిల్లలమైన నా ఈడు వాళ్ళకు తెలియదు. ప్రతి క్రిస్మస్‌కూ ఆమెకు పార్సిల్‌లో ఒక చీర వచ్చేది. లోపల ఉత్తరం ఉండేది కాదు. ఆ చీర కట్టుకొని మందిరానికి వచ్చి, అందరూ వాక్యపీఠం వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే తలుపు వైపుకు ఓరగా తిరిగి కూర్చునేది. గాలి కోసమేమో అనుకునేవాళ్ళం.

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌ని. నా భార్య సుగుణ చనిపోయేనాటికి మా కరుణకు ఎనిమిదేళ్ళు. జ్వరమని మొదలై మూత్రపిండాల దాకా పోయింది. ఆ రెండు నెలలూ మా సంఘం మమ్మల్ని మోసింది. ప్రతి ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు "ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు లేచి చెప్పండి" అంటారు. నేను లేచి సుగుణ సంగతి చెప్పేవాణ్ణి. నేను చెప్పడమే ఆలస్యం, మందిరమంతా ఒక్కటై ఏడ్చేది. ఉపవాసాలున్నారు, వంతులేసుకొని కర్నూలు ఆసుపత్రికి వచ్చారు. సుగుణ బతకలేదు గానీ, ఆ కన్నీళ్ళలో నేను మునిగిపోకుండా నిలబడ్డాను. ఇంట్లో మోయలేనిది మందిరంలో దించితే పదిమంది ఎత్తుకుంటారని ఆ రోజుల్లోనే నా గుండెలో గట్టిపడింది. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన తప్పు చెడ్డతనంతో చేసింది కాదు. ఆ నమ్మకంతోనే చేశాను.

సమాధి తోట నుంచి వచ్చిన మూడో వారానికి గిన్నెల్లో కూర తెచ్చేవాళ్ళు తగ్గారు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకూ పొలాలూ పిల్లలూ ఉన్నారు. సాయంత్రం దీపాల వేళ ఇంట్లో నేనూ బిడ్డా మిగిలేవాళ్ళం. మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. "తిన్యావా?" అని నేను, "తిన్యా" అని అది. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అనేవాళ్ళు. "ఆడబిడ్డను ఒగనివి ఎట్ల సాకుతావు దానేలూ, ఇంకో పెండ్లి చేసుకో." రాహేలమ్మ పెద్దమ్మ ఆ మాట అనలేదు. ఒక పొద్దున వచ్చి, నేను చేసిన జొన్నరొట్టెను చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. "దావీదుకు ఐదు రాళ్ళు ఏంటికప్పా? నీ రొట్టె ఒగటి ఉంటే సాలు, గొల్యాతు అక్కడికక్కడే పడిపోయేటోడు" అంది. కరుణ నవ్వింది. తల్లి పోయాక అది నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆ రోజు బడికి వేళవుతోందని, "జడేసి పో పెద్దమ్మా" అని బతిమాలాను. వేయలేదు. "నేను ఏస్తే రేపు ఎవరేస్తారు? స్తంభమెక్కి తీగలు పేనుతావు గదా, మూడు పాయలు పేనలేవా?" అని నన్ను బిడ్డ వెనక కూర్చోబెట్టింది. ఆ జడ ఎంత వంకరగా వచ్చిందంటే కరుణ అద్దం చూసుకొని, "నాయనా, ఇది జడ కాదు, సర్వీసు వైరు" అంది. అయినా విప్పకుండా బడికి పోయింది.

కుటుంబ ప్రార్థన గురించి పెద్దమ్మ నాకు చెప్పిన మాట ఇంకొకటి ఉంది. నేను అప్పటిదాకా చేసే పద్ధతి ఏమిటంటే, వాక్యం చదివి, బిడ్డ పొద్దున్నుంచి చేసిన తప్పులన్నీ దేవునికి వినిపించేలా ప్రార్థించేవాణ్ణి. "ప్రభువా, ఈ బిడ్డకు చదువు మీద శ్రద్ధనియ్యి, ఎదురు మాట్లాడే గుణం తీసెయ్యి" అని. ఒకరోజు అరుగు మీద కూర్చుని అది విన్న పెద్దమ్మ, ఆమేన్ అయ్యాక లోపలికి వచ్చింది. "నువ్వు దేవునితో మాట్లాడినావా, దేవుని మీద పెట్టి బిడ్డను తిట్టినావా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. "ముందు నీ మనవి చెప్పు. నీకేం భయముండాదో, నీకేం చేతగాలేదో అది చెప్పు. పెద్దోళ్ళు చెప్పుకుంటేనే చిన్నోళ్ళకు నోరు తెరుసుకుంటాది" అంది. కొన్నాళ్ళు చేశాను. ఆ తర్వాత పని ఒత్తిడి, సోమరితనం కలిసి ఆ అలవాటు జారిపోయింది. నా భయాలు బిడ్డకు చెప్పడం తండ్రికి తగదని కూడా అనిపించింది.

కరుణకు పదమూడేళ్ళు వచ్చాయి. అప్పుడప్పుడూ బడి నుంచి గంట, గంటన్నర ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అడిగితే స్పెషల్ క్లాసులంది. ఒకరోజు బడి దగ్గరి స్తంభం మీద పనిచేస్తుంటే కింద వాళ్ళ టీచరు కనిపించింది. "మేడం, స్పెషల్ క్లాసులు ఎప్పటిదాకా ఉంటాయి?" అని అడిగాను. "ఏడో తరగతికి స్పెషల్ క్లాసులేంటన్నా?" అంది ఆమె. బిగించాల్సిన తీగ అట్లాగే వదిలేసి దిగాను. ఆ సాయంత్రం, "యాడికి పోతాండావు?" అని అడిగాను. కరుణ తల వంచుకుంది. రెండోసారి అరిచాను. పుస్తకాల సంచీ తీసుకొని లోపలికి పోయింది. తల్లి లేని ఆడబిడ్డ, అబద్ధం, ఆలస్యం. ఈ మూడూ కలిపి ఒక తండ్రి బుర్ర ఎంత దూరం పోతుందో అంతదూరం పోయాను.

ఆదివారం వచ్చింది. కరుణ మందిరంలో కంజీర వాయించేది. పాటలు అయ్యాయి. పాస్టరుగారు మనవులు అడిగారు. నేను లేచాను. "నా కూతురు అబద్ధాలాడుతోంది. బడి అయినాక ఎక్కడికో పోతోంది. అడిగితే చెప్పడం లేదు. తల్లి లేని బిడ్డ, చెడు దారి పట్టకుండా సంఘం ప్రార్థన చేయాలి" అన్నాను. చెబుతుండగానే నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి "అయ్యో ప్రభువా" అని వినబడింది. అందరి తలలూ కరుణ వైపు తిరిగాయి. పాస్టరుగారు దాన్ని ముందుకు పిలిచారు. ముగ్గురు ఆడవాళ్ళు దాని తల మీద చేతులుంచి, గొంతెత్తి, చెడు స్నేహాలు తెగిపోవాలని ప్రార్థించారు. అది కంజీరను ఎదకు హత్తుకొని నిలబడింది. కంజీర గజ్జెలు సన్నగా మోగుతూనే ఉన్నాయి. దాన్ని ఎవరూ వాయించడం లేదని నాకు తోచడానికి కొంతసేపు పట్టింది.

అప్పుడు రాహేలమ్మ పెద్దమ్మ లేచింది. ఆ చేతుల మధ్యలోకి నడిచి, తన కొంగు విప్పి కరుణ తల మీదుగా కప్పి, భుజం పట్టుకొని బయటికి తీసుకుపోయింది. దీవెన ప్రార్థన కాకముందే ఆమె మందిరం దాటడం ఎవరూ చూసి ఎరగరు. బుద్ధి చెప్పడానికి తీసుకుపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

పొద్దు వాలేటప్పుడు మా ఇంటికి వచ్చింది. కరుణ లోపలి గదిలో తలుపు వేసుకొని ఉంది. పెద్దమ్మ కూర్చోలేదు. "బిడ్డ కోసం ప్రార్థన చేయించడం తప్పా పెద్దమ్మా?" అని నేనే మొదలుపెట్టాను.

"నోవహు ద్రాక్షారసం తాగి బట్ట లేకుండా పడుండె. కొడుకులిద్దరు ఏం చేసినారు?"

ఆదివారం బడిలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "ఎనక్కి ఎనక్కి నడిచి దుప్పటి కప్పినారు."

"బిడ్డలు తండ్రికి కప్పినారు. నువ్వు తండ్రివై బిడ్డ మీదుండే దుప్పటి నలుగుర్లో లాగేసినావు. పైగా దానికి ప్రార్థన అని పేరు పెట్టినావు."

"అయితే యాడికి పోతాండాదో నీకు తెలుసా?"

"తెలుసు. నా ఇంటికే వస్తాండాది."

నేను లేచి నిలబడ్డాను. "మల్ల నాకేంటికి చెప్పలేదు?"

"అది చెప్పొద్దనె. అదే వచ్చి నీకు చెప్పల్లని నేను దానికి చెప్తానే ఉండా. రేపు రేపు అంటాండె. ఇంకా గట్టిగా చెప్పకపోవడం నా తప్పు. ఏంటికి వస్తాండాదో మాత్రం నన్ను అడగాకు. ఆ మాట దానిది."

అప్పుడు కూర్చుంది. నేను ఎప్పుడూ వినని సంగతి చెప్పింది. తన కొడుకు పదిహేడేళ్ళప్పుడు ఒక తప్పు చేశాడు. తనూ నాలాగే ఆదివారం లేచి చెప్పింది. నలభై రోజులు సంఘమంతా పేరు పెట్టి ప్రార్థించింది. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "నీ కోసం ప్రార్థన చేస్తాండాము నాయనా" అని వాని భుజం తట్టారు. నలభై ఒకటో రోజు వాడు ఇంట్లో లేడు. "ఏం తప్పు చేసినాడని అడగాకప్పా. ఒగసారి చెప్పిందే శానా" అంది. ఆ రోజు నుంచి ఎవరి ముందరా వాని పేరు ఎత్తలేదట. ఆమె నోట కొడుకు పేరు నేను ఎన్నడూ వినకపోవడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది.

వచ్చే ఆదివారం మందిరంలోనే లేచి తప్పు ఒప్పుకుంటానన్నాను. "పోయి బిడ్డనడుగు" అంది. గది తలుపు దగ్గర నిలబడి అడిగాను. లోపల నుంచి, "మందిరంలో నా పేరు మల్ల ఎత్తాకు నాయనా" అని వినబడింది. తప్పు చేయడానికి దాన్ని అడగలేదు. దిద్దుకోవడానికి అడిగితే దారి మూసుకుపోయింది. పెద్దమ్మ నవ్వలేదు గానీ కళ్ళలో కొంచెం మెరుపు వచ్చింది. "సువార్త చెప్పేదానికి ఇంటింటికీ పోతావు గదా. తప్పు చెప్పుకునేదానికి పోలేవా? మందిరంలో అయితే ఒగ నిమిషం ఏడ్సి కూచ్చుంటావు, సుళువు. ఇంటింటికీ పో. దాని పేరు ఎత్తకుండా పో."

మా సంఘంలో ముప్పై ఇళ్ళు. రోజుకు రెండు, మూడు చొప్పున డ్యూటీ దిగాక పోయాను. ఆ ఇళ్ళన్నీ నాకు కొత్త కాదు. ఏ ఇంట్లో మీటరు ఏ గోడకుందో, ఏ ఇంటి సర్వీసు వైరు ఎక్కడ కాలిందో తెలుసు. కానీ పనిముట్ల సంచీ లేకుండా, ఒట్టి చేతులతో గుమ్మంలో నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "పోయిన ఆదివారం మందిరంలో నేను విచారించకుండా మాట్లాడినా. తప్పు నాది. మీరు మనసులో పెట్టుకోవద్దండి" అనేవాణ్ణి. కొందరు "వందనాలన్నా, కూచ్చో" అని మంచినీళ్ళిచ్చారు. ఒక సంఘ పెద్ద మాత్రం, "బిడ్డను ఎనకేసుకొస్తాండావు దానేలూ. మల్ల ఆ పాప యాడికి పోతాండె?" అని నిలదీశాడు. "అది నేను చెప్పేది కాదన్నా" అన్నాను. "తండ్రివి నువ్వు చెప్పకపోతే ఊరు చెప్తాది" అన్నాడు. ఊరు అప్పటికే చెబుతోందని ఇంకో ఇంట్లో తెలిసింది. చెవులు సరిగా వినిపించని అవ్వ ఒకామె నా చేయి పట్టుకొని, "మీ పాప లేచిపోయిందంట గదప్పా? దొరికిందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇంట్లోనే ఉండాదవ్వా" అని మూడుసార్లు అరిచి చెప్పాను. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూశారు. నేను ఒక్క ఆదివారం ఒక్క నిమిషం మాట్లాడిన మాట, పది రోజుల్లో నా బిడ్డను ఊరు దాటించింది.

ముప్పై ఇళ్ళు తిరిగి వచ్చేసరికి కరుణ కరిగిపోతుందని ఎక్కడో ఆశ ఉండేది. కరగలేదు. పొయ్యి వెలిగించేది, నీళ్ళు పట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతే. జడ నన్ను వేయనివ్వడం మానేసింది. కర్నూలులో హాస్టల్లో చేర్పించమని ఒక కాగితం మీద రాసి నా టిఫిను డబ్బా కింద పెట్టింది. ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు ఒంటరిగా ఉంటే ఆ ఇంట్లో గడియారం చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. సుగుణ పోయినప్పుడు కూడా నేను అంత ఒంటరిగా లేను. చావు వేరు. ఇక్కడ బిడ్డ బతికే ఉంది, నా ఎదురుగా రొట్టె తింటోంది, నాకు దొరకడం లేదు.

పెద్దమ్మ దగ్గరికి పోయి ఏడ్చాను. "సంవత్సరం చివరికి హాస్టల్‌కు పోతాది. పోతే ఇంక నాకు రాదు" అన్నాను. ఆమె ఓదార్చలేదు. "సాయంత్రం ప్రార్థనలో ఏం చేస్తాండావు?" అని అడిగింది. దాని మనసు మార్చమని ప్రార్థిస్తున్నానన్నాను. "దాని మనసు సంగతి దేవుడు చూసుకుంటాడు. నీ మనవి చెప్పమని ఎన్ని సార్లు చెప్పల్ల నీకు?" అని కసిరింది. ఆ రోజు నుంచి మొదలుపెట్టాను. కరుణ గోడకు ఆనుకొని పెదవులు బిగించి కూర్చునేది. నేను నా సంగతులు చెప్పుకునేవాణ్ణి. "ప్రభువా, ఈ రోజు స్తంభం ఎక్కుతాంటే భయమేసింది." "ప్రభువా, ఆఫీసులో నాకంటే చిన్నోడు తిడితే నోరెత్తలేకపోయినా." "ప్రభువా, సుగుణ గొంతు ఎట్లుండేదో మర్సిపోతాండా." ఈ చివరి మాట అన్నప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. అది నిజమని అప్పటిదాకా నాకే తెలియదు. ప్రార్థన ముగించాను. గోడ వైపు నుంచి, చాలా చిన్నగా, "ఆమేన్" అని వినబడింది.

ఆ తర్వాత మూడు రోజులకో నాలుగు రోజులకో, నేను బట్టలు ఆరేస్తుంటే కరుణ వచ్చి గుమ్మం పట్టుకొని నిలబడింది. "నాయనా, నేను పెద్దమనిషినైనా. ఎనిమిది నెలలైంది" అంది. నా చేతిలో తడి చొక్కా అట్లాగే ఉండిపోయింది. నీకు చెబితే ఊళ్ళో ఫంక్షన్ చేస్తావనీ, మైకు పెట్టి ఫోటోల బ్యానర్లు కట్టిస్తావనీ భయమేసిందంది. బళ్ళో గుడ్డలు మార్చుకునే చోటు లేక, ఇంట్లో అయితే నా కంట పడతాయని, పెద్దమ్మ ఇంటికి పోయి ఉతుక్కొని, ఆరినాక వచ్చేదట. ఒక తల్లి అయితే వెయ్యి మాటలు చెప్పేది. నా నోట ఒక్కటే వచ్చింది. "నొప్పి ఉంటాదా పాపా?" అది ఏడ్చింది. "శానా ఉంటాది నాయనా" అంది. నేను కూడా కూలబడి ఏడ్చాను. నా బిడ్డ ఎనిమిది నెలలు ఆ నొప్పిని దాచుకొని నా ముందర రొట్టెలు కాల్చింది. నేను దాన్ని చెడుదారి అన్నాను.

హాస్టల్ మాట మళ్ళీ రాలేదు. అట్లాగని అంతా మునుపటిలా అయిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కరుణ ఆ తర్వాత మందిరంలో కంజీర పట్టలేదు. ఎవరైనా లేచి తమ పిల్లల కోసం మనవి చెప్పబోతుంటే ఇప్పటికీ దాని భుజాలు బిగుసుకుంటాయి. క్షమించింది. గాయం మానినా చర్మం కొంచెం గట్టిగానే ఉంటుంది.

నాలుగేళ్ళ కిందట రాహేలమ్మ పెద్దమ్మ ప్రభువునందు నిద్రించింది. అప్పటికి కరుణ కర్నూలులో నర్సు చదువుతోంది. సెలవు పెట్టి వచ్చి, చివరి పదకొండు రోజులూ పెద్దమ్మ మంచం పక్కనే ఉంది. మాట తడబడుతున్నా ఆమె ప్రార్థన మాత్రం ఆగలేదు. "నా బిడ్డ ప్రభువా... నా బిడ్డ" అనేది. ఏ బిడ్డ అని ఎవరూ అడగలేదు. ఆమె పోయాక పెట్టె తెరిస్తే, చీరలు వచ్చిన పార్సిల్ కవర్లన్నీ మడత నలగకుండా ఉన్నాయి. ప్రతి కవరు మీదా కొడుకు అడ్రసు ఉంది. హోస్పేట దగ్గర ఊరు. ఫోన్ నంబరు కూడా ఉంది. నేనే ఫోన్ చేశాను.

అతను వచ్చేసరికి మట్టి వేయడం అయిపోయింది. యాభై దగ్గరపడిన మనిషి, తల నెరిసింది. సమాధి తోటలో అందరికీ దూరంగా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. జనం పోయాక నా దగ్గరికి వచ్చి అడిగాడు. "మా యమ్మ చివర్లో నా పేరేమన్నా ఎత్తిందా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఎత్తలేదన్నా."

తల ఊపాడు. "మర్సిపోయింటాదిలే."

"మర్సిపోలేదు. నువ్వు పోయిన రోజు నుంచి నీ పేరు ఎవరి ముందరా ఎత్తలేదు. నీ పేరు ఇంగ ఎవరి నోట్లోనూ పడగూడదని. ప్రతి ప్రార్థనలోనూ 'నా బిడ్డ' అనేది. మేమంతా ఇన్నాము. పేరు మాత్రం దేవునికే చెప్పుకునేది."

అతను పక్కనున్న సమాధి గట్టు మీద కూర్చున్నాడు. "నాకేంటికి చెప్పలేదప్పా ఈ మాట? అడ్రసు రాస్తాంటిని గదా, వస్తాదనే రాస్తాంటిని" అన్నాడు. నన్ను ముప్పై ఇళ్ళకు పంపిన మనిషి ఆ ఒక్క ఇంటికి పోలేకపోయింది. తను చీర కట్టుకొని తలుపు వైపు చూసింది. అతను అక్కడ ఏ తలుపు వైపు చూశాడో. అతని పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా కాపాడింది, నేను ఎట్లా రాస్తాను.

కరుణ సంగతి రాసే ముందు దాన్నే అడిగాను. "రాయి నాయనా. ఇప్పుడు నేనే బళ్ళకు పోయి ఆడపిల్లలకు ఆ సంగతులు చెప్తాండా, సిగ్గేంటికి?" అని నవ్వింది. రాసింది చదివి వినిపించాను. ఒకచోట మాత్రం ఆగి, ఒక వాక్యం తీసేయమంది. తీసేశాను.

నాకు కడపకు బదిలీ అయి రెండేళ్ళవుతోంది. ఒక్కణ్ణే ఉంటున్నాను. కరుణ కర్నూలులో ఉద్యోగం చేస్తోంది. పోయిన నెల ఒక శనివారం సాయంత్రం ఫోన్ చేసింది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, "నాయనా, ఒగ మాట చెప్పల్ల. ఎవరికీ చెప్పాకు. పాస్టరుగారికి గూడా" అంది. చెప్పింది. చిన్న సంగతి కాదు. చివరిదాకా విన్నాను. చివర్లో, "నీకు భయమేస్తాండాదా పాపా?" అని అడిగాను. "ఏస్తాండాది" అంది. "నాకూ ఏస్తాండాది" అన్నాను. ఫోన్‌లోనే ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. ముందు నేను, తర్వాత అది.

మరునాడు ఆదివారం. ఇక్కడి సంఘం పెద్దది, మంచివాళ్ళు. ఆరాధన చివర పాస్టరుగారు మనవులు అడిగారు. ఒక తల్లి కొడుకు ఉద్యోగం కోసం లేచింది. ఒక ముసలాయన తన మోకాళ్ళ కోసం లేచాడు. నా పక్కనున్న సోదరుడు, నా ముఖం చూసి ఏమనుకున్నాడో, "మీకేమన్నా మనవి ఉందా అన్నా?" అని మెల్లగా అడిగాడు. గుండె నిండా ఉంది. నోటి దాకా వచ్చింది. "నా బిడ్డ" అని లోపలే అనుకొని, కూర్చునే ఉన్నాను.